చీటీలోకెక్కిన పొగ

మా టీచరమ్మ పోయిందన్న కబురు నాకు ఆత్మకూరు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు చెప్పాడు. ఉదయగిరి బస్టాండు వెనక మేకల కోసం తుమ్మకాయలు ఏరుకుంటున్నాను. బస్సు పూర్తిగా ఆగనైనా ఆగలేదు, ఫుట్‌బోర్డు మీది నుంచే కేక వేశాడు. "అవ్వా! మీ టీచరమ్మ తెల్లారేలోపల పోయిందంట. ఆమె తమ్ముడు బస్సు కాడికొచ్చి నీకు చెప్పమన్నాడు."

ఆ బస్సు తిరిగి పోతుంటే ఎక్కి కూర్చున్నాను. మేకలను ఎవరికి అప్పజెప్పానో గుర్తు లేదు. ఆత్మకూరులో దిగాక చూసుకుంటే ఒడినిండా తుమ్మకాయలు అట్లాగే ఉన్నాయి.

తమ్ముడి ఇంటి ముందు షామియానా వేశారు. ఆమెను చూసి, కాళ్ళు పట్టుకుని, ఒక మూల కూలబడ్డాను. నా వెనక కుర్చీల్లో ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. నాకు కళ్ళు మసకగానీ చెవులు బాగా పనిచేస్తాయి.

"ఇంత చదువు చదివి, పిలకాయలకు నీతులు చెప్పి, చాటుగా చుట్ట తాగిందంటమ్మే. ముప్పై ఏళ్ళంట! డాక్టరు చీటీలోనే రాసుండాదంట."

నేను లేచాను. తుమ్మకాయలన్నీ జలజలా రాలిపోయాయి. "ఏమ్మే, నువ్వు చూసినావా, విన్నావా?" అని అడిగాను.

ఆమె బిత్తరపోయింది. "అందరూ అంటుండారు లే అవ్వా."

"అంటే విన్నావు. చూళ్ళేదు. అయితే నోరు మూసుకోని కూర్చో."

అప్పుడే పాస్టరుగారు ప్రార్థనకు నిలబడ్డారు. టీచరమ్మ తమ్ముడు వచ్చి నా భుజం పట్టుకుని, "అక్కా, ఇప్పుడొద్దు," అన్నాడు. గమ్మున కూర్చున్నాను. ఆ రోజు మింగిన మాటలన్నీ మీకు చెప్పాలనే ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది.

ముందు నా తప్పు నేను ఒప్పుకుంటాను. టీచరమ్మ చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు. అయినా ఆ చీటీలో అట్లా పడింది. పడేట్టు చెప్పింది నేనే.

ఆమె మా పక్కింట్లో దిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఉదయగిరి కొండ కింద మా వీధిలో అన్నీ కొండరాతి ఇళ్ళే, నా పాక ఒక్కటి తప్ప. హైస్కూల్లో సైన్సు టీచరుగా వచ్చింది. ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, ఒక గాజు బుడ్డీల పెట్టె, అంతే సామాను. పెళ్ళయిన రెండేళ్ళకే ఆయన పోయాడట. పిల్లలు లేరు. వయసులో నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది.

దిగిన రోజే నాతో పోట్లాట. మా ఆయన పిట్టగోడ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. "అన్నా, నీకు దండం పెడతా, ఆ చుట్ట వీధి చివర కాల్చుకోని రా."

నేను ఊరుకుంటానా! "మా గోడ, మా చుట్ట. నీకేంది మే నొప్పి?"

"గోడ మీదే అక్కా. గాలి మాత్రం ఇద్దరిదీ గదా," అంది.

నా నోటికి బదులు లేకుండా చేసిన మనిషి అంతవరకూ పుట్టలేదని మా ఆయన నవ్వాడు. నవ్వి, చుట్ట తీసుకుని వీధి చివరికి వెళ్ళాడు. బతికున్నన్నాళ్ళూ అక్కడే కాల్చుకున్నాడు. అట్లాంటి మనిషి చుట్ట తాగిందంటే నేను ఎట్లా పడతాను, మీరే చెప్పండి.

నేను షామియానా కింద ఆ ఆడమనిషిని అడిగిన మాట కూడా టీచరమ్మదే. ఎవరు ఏ కబురు తెచ్చినా ఆమె మొదట అడిగేది అదే, "చూసినావా, విన్నావా?" రేషను షాపులో కిరసనాయిలు వచ్చిందంట అని నేను డబ్బా తీసుకుని పరుగెత్తబోతే ఆమె అడిగేది. విన్నాను అంటే, "డబ్బా ఈడ పెట్టి పోయి చూసి రా అక్కా, ఊరికే మోసుకోని పోవద్దు," అనేది. సగం సార్లు అక్కడ కిరసనాయిలు ఉండేది కాదు.

చీరకొంగు ముడిలో ఆమెకు ఎప్పుడూ సుద్దముక్కలు ఉండేవి. ఎక్కడ పడితే అక్కడ బొమ్మ వేసి చెప్పేది. నా పాక గోడ మీద మేక కడుపు బొమ్మ వేసి, లోపల నాలుగు గదులు ఉంటాయంది. మేకల్లో పుట్టి మేకల్లో పెరిగిన నాకే చెప్తుందే అని నాకు కోపం. తర్వాత మేము జాతరకు మేకను కోస్తే గిన్నె పట్టుకుని వచ్చింది. "కడుపు నాకియ్యక్కా."

"నీకు పేగులకూర తినాలని ఉండాదా?"

"కూరకు కాదక్కా, పాఠానికి."

ఆడపిల్లలందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి కోసి చూపించింది. నాలుగు గదులూ ఉన్నాయి! నేను కేక పెట్టాను. ఆమె నన్ను చూసి పిల్లలతో, "చూసినారా? అవ్వ ఇప్పుడు చూసింది, విన్లేదు," అని చప్పట్లు కొట్టించింది. తెలియని సంగతి తెలిస్తే ఆమెకు అంత సంబరం. పక్కనున్నవాళ్ళకూ ఆ సంబరం అంటుకునేది.

రిటైరైన రెండో ఏడు దగ్గు పట్టుకుంది. మొదట దుమ్మంది, తర్వాత చలిగాలంది. బిందె ఎత్తితే ఆయాసం వచ్చేదాకా వచ్చాక నేనే రెక్క పట్టుకుని ఆత్మకూరు బస్సెక్కించాను. దారి పొడుగునా తిట్టాను. ఆమె వంటకు కట్టెపొయ్యి తప్ప ఒప్పుకునేది కాదు, గ్యాసు మీద కూరకు రుచి రాదని. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుంటే మనిషి కనపడేది కాదు, పొగలోంచి పాట మాత్రం వినపడేది. "ఆ పొగ మానేసెయ్ మే అంటే ఇంటివా? ఇప్పుడు చూడు," అని ఆత్మకూరు వచ్చేదాకా అంటూనే ఉన్నాను.

ఆత్మకూరులో ఒక డాక్టరు దగ్గరికి పోయాం. ఆమెను ఎక్స్‌రేకు లోపలికి తీసుకుపోయారు. నేను బల్ల మీద కూర్చున్నాను. డాక్టరు చీటీ రాసుకుంటూ తలెత్తి అడిగాడు, "ఏమవ్వా, ఆమెకు పొగ అలవాటుందా?"

మా వైపు చుట్ట అంటే చుట్ట, బీడీ అంటే బీడీ. పొగ అంటే మాకు పొయ్యిదే. అప్పటిదాకా నేను తిట్టిన తిట్లన్నీ నా నాలుక మీదే ఉన్నాయి.

"ఎందుకు లేదు సార్! పొద్దునా సాయంత్రం ఉండాల్సిందే. మానమంటే మానదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముప్పై ఏళ్ళుగా నేను కళ్ళారా చూస్తుండా."

ఆయన రాసుకున్నాడు. తప్పు ఆయనది కాదు. అడగాల్సింది అడిగాడు, విన్నది రాశాడు. డాక్టరు నన్ను అడిగాడు, నేను తడబడకుండా చెప్పాను అని నాకు లోపల గర్వం కూడా! ఎక్స్‌రే చూసి, ఇంకా పెద్ద పరీక్షలకు మద్రాసు పోవాలని చెప్పి చీటీ చేతికిచ్చాడు. టీచరమ్మ తమ్ముడి ఇంట్లో మజ్జిగ తాగి బస్సెక్కాం. ఆ చీటీని తమ్ముడూ మరదలూ అక్కడే చదివారని, మరదలి నోటి నుంచి అది అటూ ఇటూ పాకిందని నాకు తర్వాత తెలిసింది.

టీచరమ్మ చీటీని బస్సులో తీరిగ్గా చదువుకుంది. ఇంగ్లీషు చీటీ. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"అక్కా, నేను చుట్ట ఎప్పుడు మొదలుపెట్టినా?"

"నువ్వేంది, చుట్టేంది?"

"ఈడ రాసుండాది. ముప్పై ఏళ్ళుగా తాగుతుండానంట. పొద్దునా సాయంత్రం."

ఒక్క క్షణంలో నాకంతా అర్థమైంది. జరిగింది చెప్పాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గి దగ్గి మళ్ళీ నవ్వి, ముందు సీటు పట్టుకుని వంగిపోయింది. బస్సంతా మావైపే చూస్తోంది. నేను ఏడుస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఆయనా నిజమే అడిగినాడు, నువ్వూ నిజమే చెప్పినావు. ఇద్దరి నిజాలు కలిసి అబద్ధమైంది చూడక్కా! ఎంత బాగుండాదో!" అంది. తన రోగం సంగతి చీటీలో ఉంటే దాంట్లో తమాషా వెతుక్కునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మళ్ళీ పోయినప్పుడు డాక్టరుకు చెప్తే ఆయన ఆ మాట కొట్టేసి సరిగ్గా రాశాడు. కాగితం మీద కొట్టేస్తే పోయింది. జనం నోట్లోది ఎవరు కొట్టేస్తారు?

మద్రాసులో తేల్చి చెప్పారు. తమ్ముడు ఉండమన్నా ఉండకుండా ఉదయగిరికి వచ్చేసి, నా పాక ముందు మంచం మీద కూర్చుని నాతో అంది. "ఊపిరితిత్తిలో కేన్సరక్కా."

"అది చుట్ట తాగేవాళ్ళకు గదా వచ్చేది?"

"వాళ్ళకే ఎక్కువ. తాగనోళ్ళకూ వస్తుంది."

"మా ఆయన జీవితమంతా కాల్చినాడు, ముసిలోడై పోయినాడు. నీకెట్టా వచ్చింది? ఇదేం న్యాయం?"

"అన్న ఒక్కడే నీ కళ్ళ ముందు ఉండాడక్కా. చుట్ట వల్ల ముందే పోయినోళ్ళు నీకు కనపడరు, అందుకని వాళ్ళను లెక్కలో వేసుకోవడంలా. చుట్ట మంచిదని మాత్రం ఎవరికీ చెప్పొద్దు." మంచం మీద సర్దుకుని కూర్చుని, "నాకు ఎందుకొచ్చిందో నేనూ అదే అడుగుతుండా," అంది. ఆ అనడంలో ఏడుపు లేదు. మేక కడుపు కోసే ముందు ఎట్లా మెరిశాయో ఆమె కళ్ళు అట్లా మెరిశాయి.

ఆమె దగ్గర చదువుకుని ఏదో ఊళ్ళో కాలేజీ లెక్చరరైన ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఉత్తరం రాసింది. తాగనివాళ్ళకు ఎందుకు వస్తుందో మీ పుస్తకాల్లో ఏముందో రాయమంది. బదులు వచ్చిన రోజు నన్ను గోడ మీది నుంచి కేకేసి పిలిచింది.

"అక్కా, పొయ్యి పొగ కూడా ఒక కారణం కావచ్చంట. నువ్వు గెలిచినావు."

"నేను చెప్పలా!"

"ఇంకోటి కూడా ఉండాది. రాళ్ళలోంచి, మట్టిలోంచి ఒక గాలి వస్తుందంట. రేడాన్."

"రేడియోలోంచా?"

"రేడియో కాదక్కా, రేడాన్! రాతిలో, నేలలో కొంచెం కొంచెంగా ఒక బరువు లోహం ఉంటుంది. అది తనంతట తానే విరిగి విరిగి, మధ్యలో ఒక చోట గాలిగా మారుతుంది. నేల బీటల్లోంచి పైకొస్తుంది. బయటైతే చెదిరిపోతుంది. మూసిన గదిలో నిలబడిపోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తికి దెబ్బ. చుట్ట కూడా తాగితే ఇంకా పెద్ద దెబ్బ."

"వాసనొస్తదా?"

"రాదు. రంగూ లేదు. రుచీ లేదు."

నాకు నవ్వొచ్చింది. "వాసన లేదు, రంగు లేదు, రుచి లేదు. ఇంకేం చూసి నమ్మమంటావు? నువ్వు చూసినావా, విన్నావా?"

ఆమె అమాంతం లేచి నిలబడింది. ఆయాసపడుతూనే చప్పట్లు కొట్టింది. "అదీ మాట! ఇప్పటిదాకా విన్నాం. ఇంక చూద్దాం!"

లెక్చరరు తర్వాతి నెల బస్సులో వచ్చాడు. చిన్న ప్లాస్టిక్ గిన్నెలు మూడు తెచ్చాడు. ఒక్కో దాంట్లో గోరంత ఎర్ర ఫిలిం ముక్క. మూడు నెలలు వేలాడగట్టాలన్నాడు. ఒకటి టీచరమ్మ పడకగదిలో, ఒకటి ఆమె ఇంటి ముందు పంచలో, ఒకటి నా పాకలో.

ఆ పడకగది సంగతి మీకు చెప్పాలి. మూడు వైపులా కొండరాయి, కింద నాపరాళ్ళు, వాటి మధ్య సందులు. ఒక్కటే కిటికీ. ఒకసారి కొండ మీది కోతి ఆ కిటికీలోంచి దూరి పరీక్ష పేపర్లు ఎత్తుకుపోయింది. కొన్ని గుట్ట మీద దొరికాయి, కొన్ని దొరకలేదు. పేపరు దొరకని పిల్లలందరికీ మళ్ళీ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. ఆ రోజే టీచరమ్మ వడ్రంగిని పిలిపించి రెండు రెక్కలూ కలిపి మేకు కొట్టించింది. ఆ తర్వాత అది తెరవలేదు. ఆ గదిలోనే పడుకుంది, ఆ గదిలోనే పేపర్లు దిద్దింది.

ఫిలిం ముక్క చూసి నేను అడిగాను, "కనపడని గాలిని ఇదెట్టా పట్టుకుంటుంది?"

టీచరమ్మ కొంగుముడి విప్పి సుద్దముక్క తీసింది. తీసి, ఏమనుకుందో, మళ్ళీ ముడేసింది. "నీ దొడ్డి కాడికి తోడేలు వచ్చి పోయిందనుకో. నువ్వు చూళ్ళేదు. ఎట్టా కనుక్కుంటావు?"

"మట్టిలో అడుగులు చూస్తా."

"తోడేలో, ఊరకుక్కో తెలుస్తుందా?"

"తెలుస్తుంది. ఎన్ని వచ్చినాయో, ఎటు పోయినాయో కూడా తెలుస్తుంది."

"ఈ ఫిలిమే మట్టి అక్కా. ఆ గాలి విరిగినప్పుడు దీని మీద అడుగులు పడతాయి. అడుగులు లెక్కపెడతాం. అంతే!"

నాకు ఒళ్ళు ఝల్లుమంది. అక్షరాలు చదవలేననే దిగులు నాకు ఎప్పుడూ ఉండేది, ఆ చీటీ రోజు మరీ ఎక్కువైంది. కానీ అడుగులంటే నాకు వచ్చు! పుట్టినప్పటి నుంచీ వచ్చు!

ఆ మూడు నెలలు మాకు పండగే. పొద్దున్నే లేచి ముందు ఫిలిం ఉందా లేదా అని చూసుకునేదాన్ని. పంచలోది నెల తిరక్కుండా కోతి లాక్కుపోయింది. నేను రాయి విసిరి గుట్ట దాకా తరిమాను, అది గిన్నె కొరికి పారేసింది. టీచరమ్మ మంచంలో నుంచే, "ఏమైందక్కా?" అంటే, "నీ సైన్సు కోతి తిన్నది!" అని అరిచాను. వీధంతా నవ్వింది. అదేంది, ఇదేంది అని అడగడానికి వచ్చిన వాళ్ళందరికీ ఆమె చెప్పేది. దమ్ము చాలక ఆగితే మిగతాది నేను చెప్పేదాన్ని. తోడేలు కథతో సహా!

మూడు నెలలకు లెక్చరరు రెండు ఫిలింలూ తీసుకుపోయి, ఏదో కాస్టిక్ సోడా నీళ్ళలో వేడిచేసి కడిగి, మైక్రోస్కోపుతో సహా తిరిగి వచ్చాడు. దాన్ని నా రోలు మీద పెట్టించాను, ఎండ బాగా పడుతుందని. ముందు టీచరమ్మ చూసింది. చాలాసేపు చూసింది. పక్కకు జరిగి, "రా అక్కా. నువ్వు చదువు," అంది.

కన్ను ఆనించాను. మొదట నా రెప్పే కనపడింది. తర్వాత ఎర్రటి నేల. దాని మీద అక్కడొకటీ ఇక్కడొకటీ వెలుగు చుక్కలు, బెజ్జాల్లాగా.

"ఇది నీ పాకలోది," అన్నాడు లెక్చరరు. ముక్క మార్చాడు. "ఇది టీచరుగారి గదిలోది."

ఎర్ర నేల నిండా చుక్కలు! కిక్కిరిసిపోయి ఉన్నాయి, మందంతా తొక్కిన రేవులాగా!

"ఓయమ్మో, మందకు మంద తిరిగిందమ్మే ఈడ!" అని కేకేశాను. నాతోపాటు మా వీధి ఆడవాళ్ళంతా వరసగా వచ్చి చూశారు. "నా పాకే మేలు! మీ రాతి ఇళ్ళకంటే నా పాకే మేలు!" అని గంతులు వేశాను. వానకు కారుతుందని ముప్పై ఏళ్ళుగా నన్ను ఎగతాళి చేసినవాళ్ళే వాళ్ళంతా.

టీచరమ్మ నవ్వుతూ చెయ్యెత్తింది. "ఆగక్కా. నీ మట్టి నేలలోంచీ ఆ గాలి వస్తుంది. కాకపోతే నీ చూరు కింద అంతా సందే, వచ్చింది వచ్చినట్టు పోతుంది. నాకు రోగం దీని వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. పొయ్యి పొగ కూడా ఉండాది, ఇంకేమేముండాయో. ఒక గది, ఒక ఫిలిం, అంతే. ఈ గదిలో ఆ గాలి ఉండాదని మాత్రం చూసినాం." ఆగి ఊపిరి పీల్చుకుంది. "చూసినాం, విన్లేదు."

మర్నాడే వడ్రంగి వచ్చాడు. ముప్పై ఏళ్ళ కిందటి మేకును అతను పీకుతుంటే అది కీచుమని అరిచింది. టీచరమ్మ వీధిలో మంచం మీద కూర్చుని, "ఆ సందు సిమెంటుతో మూయి. ఎదురు గోడకు పైన ఒక బొక్క కొట్టు. కిటికీకి జాలీ బిగించు, కోతికి చెయ్యి పట్టకూడదు," అని మేస్త్రీలాగా చెప్పింది. మేకు నా చేతిలో పెట్టారు. వంకరపోయి, తుప్పుపట్టి ఉంది. మళ్ళీ ఆ చీటీ సంగతి ఎత్తాను. "నా నోటితో నీ పేరు చెడగొట్టినా మే. ఆత్మకూరులో మీవాళ్ళు ఏమనుకుంటుండారో."

ఆమె మేకును నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వు ఒక మాట చెప్పినావు. నేను ఒక మేకు కొట్టించినా. ఇద్దరం తెలియకే చేసినాం. మేకు పీకినాం గదా, మాట కూడా పీకుదువుగానీ."

"ఎట్టా?"

"అడిగినోళ్ళకల్లా జరిగింది జరిగినట్టు చెప్పు. కిటికీలు తియ్యమని కూడా చెప్పు. నా పేరు కంటే అది ముఖ్యం."

మా వీధిలో కొందరు కిటికీలు తీశారు, జాలీలు పెట్టారు. కొందరు తియ్యలేదు. ఒకాయనైతే, ఇంట్లో రాయి ఉన్నవాడల్లా చస్తే ఊళ్ళో ఎవరు మిగిలేవాళ్ళు అన్నాడు. చస్తారని ఎవరన్నారు, ఎందుకొచ్చిన ముప్పు, గాలి ఊరికే వస్తుంటే తలుపు తియ్యడానికి నీకేం బరువు అని నేను వాళ్ళింటి ముందు నిలబడి అడిగాను. మర్నాడు తీశాడు. గాలికి భయపడి తీశాడో, నాకు భయపడి తీశాడో తెలియదు.

కిటికీ తీశాక గదిలో ఇంకో ఫిలిం కట్టారు. అది పూర్తి కాకముందే ఆమెకు బలం సన్నగిల్లింది. తమ్ముడు కారు తెచ్చి ఆత్మకూరు తీసుకుపోయాడు. నేను రెండు వారాలకోసారి పాలు కాచి తీసుకుని పోయేదాన్ని. చివరిసారి పోయినప్పుడు మాట చాలా చిన్నగా వచ్చింది. బాగున్నావా అని అడగలేదు. "కిటికీ తీసే ఉండాదా?" అంది.

"తీసే ఉండాది. ఎవరన్నా మూస్తే చేతులిరగ్గొడతా."

"ఫిలిం వచ్చినాక నువ్వు చూడు. చూసి నాకు చెప్పు. వినింది చెప్పొద్దు." అని నవ్వింది. కొంగు ముడి విప్పి మిగిలిన సుద్దముక్క నా చేతిలో పెట్టింది. నేనేం చేసుకోను దీన్ని అన్నాను. "బొమ్మలేసి చెప్పు," అంది.

ఆ తర్వాత నేను పోయింది షామియానా కిందికే.

పది రోజుల కిందట లెక్చరరు వచ్చాడు. మైక్రోస్కోపు మళ్ళీ నా రోలు మీదే పెట్టాడు. నాకు కళ్ళు మసక గదా, తనే నా తల సర్ది కన్ను ఆనించాడు. ఎర్రటి నేల. చుక్కలు ఉన్నాయి. మంద లేదు. అక్కడొకటీ ఇక్కడొకటీ, నా పాకలో దానికంటే కొంచెం ఎక్కువ, అంతే. కాలం మారితే కూడా లెక్క కొంత మారుతుంది అవ్వా, అయినా బాగా తగ్గింది, అన్నాడు ఆయన. నేను తల ఎత్తలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషి లేదు. అయినా పైకే చెప్పాను. "టీచరమ్మా, చూసినా."

అందుకే మీ అందరికీ చెప్తున్నాను. ఆమె పొగ తాగలేదు. తాగనివాళ్ళకు కూడా ఈ రోగం వస్తుంది. వచ్చినవాళ్ళను చూసి చాటుగా తాగారని అనకండి. అన్నవాళ్ళు ఎవరైనా మీకు కనపడితే, చూసినావా విన్నావా అని అడగండి. వాళ్ళు నా మీద కోపం తెచ్చుకున్నా సరే. నేను ఉదయగిరిలోనే ఉంటాను, ఎక్కడికీ పోను.

మొన్న ఆ ఇంట్లోకి కొత్తగా ఎవరో అద్దెకు దిగారు. మొగుడూ పెళ్ళామూ, చిన్న సంసారం, ఆ పిల్ల కడుపుతో ఉంది. ఈ పొద్దున నేను పాలు ఇవ్వడానికి పోతే ఆమె పొయ్యి దగ్గర ఉంది, పడకగది చీకటిగా ఉంది. కోతులకు భయపడి రెక్కలు మూసేసింది. గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. మేకు పీకిన చోట రెక్కల్లో బెజ్జం ఉంది కదా, దాంట్లోంచి దూరిన ఎండ ఎదురు గోడ మీద ఒక్క చుక్కగా పడింది. ఫిలిం మీది చుక్కలాగే ఉంది. కొంగు ముడిలోంచి సుద్దముక్క తీసి, ఆ చుక్క చుట్టూ ఒక గీత గీశాను.

"అవ్వా, ఏం చేస్తుండావు?" అని ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

"రా, చూపిస్తా," అని రెండు రెక్కలూ తీశాను. జాలీ అవతల కోతి ఒకటి కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఎండ గదంతా నిండింది. గోడ మీద చుక్క కనపడలేదు, సుద్దగీత మాత్రం తెల్లగా, గుండ్రంగా ఉంది.